బండిని ఆపే గాలి: జార్జ్ వెస్టింగ్‌హౌస్ జీవితం

జనవరి నెలలో తెల్లవారుజామున నాలుగున్నరకి హామిల్టన్ బర్లింగ్టన్ స్ట్రీట్ వైపు యార్డుల్లో నిలబడితే ముందుగా వినపడేది ఇంజిన్ల చప్పుడు కాదు, గాలి చప్పుడు. ఒక బండి బుస్సుమంటుంది, ఇంకోటి సుయ్‌మంటుంది. మనవాళ్ళు చలికి చేతులు రుద్దుకుంటూ, గేజీలో ముల్లు ఎప్పుడు పైకి లేస్తుందా అని చూస్తూ ఉంటారు. నేనూ తొమ్మిదేళ్ళు అలా చూసినవాణ్ణే. ఆ గాలిని బండి ఆపే పనికి పెట్టిన మనిషి పేరు మన ఊళ్ళోనే ఉంది. శాన్‌ఫర్డ్ అవెన్యూ నార్త్‌లో పెద్ద పాత ఇటుకల భవనం పక్కనుంచి చాలామంది పోయే ఉంటారు. కెనడియన్ వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఆఫీసు అది. ఆ వెస్టింగ్‌హౌస్ ఎవరో ఎవరూ అడగరు. నేను కూడా లారీ వదిలేసి, ఈ కార్మికుల సహాయం పనిలో పడ్డాకే చదివాను. నేను చదువుకున్నది హైస్కూలు దాకానే. నాకు అర్థమైన మేరకు చెప్తాను.

జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1846 అక్టోబర్ 6న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని సెంట్రల్ బ్రిడ్జ్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రికి వ్యవసాయ పనిముట్లు, యంత్రాలు చేసే షెడ్డు ఉండేది. తర్వాత కుటుంబం స్కెనెక్టడీకి మారింది, షాపు కూడా అక్కడ పెద్దదైంది. పిల్లవాడికి బడి మీద మనసు లేదు. ఎప్పుడు చూసినా షాపులోనే, లేతు దగ్గరే. మన విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద దూరి పెరిగిన పిల్లల్ని చూసినవాళ్ళకి ఈ రకం మనిషి కొత్త కాదు. కాకపోతే ఇతనికి షాపు సొంతం.

అంతలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. కుర్రాడు చిన్న వయసులోనే సైన్యంలో చేరబోతే ఇంట్లోవాళ్ళు వెనక్కి లాక్కొచ్చారు. 1863లో మళ్ళీ పోయి గుర్రపు దళంలో చేరాడు. 1864 చివర్లో నౌకాదళానికి మారి, ఆవిరి ఓడ మీద ఇంజనీరుకి సహాయకుడిగా పనిచేశాడు. అదే యుద్ధంలో అన్న ఆల్బర్ట్ చనిపోయాడు. 1865లో ఇంటికొచ్చి కాలేజీలో చేరాడు గానీ, మొదటి టర్ము కాగానే మానేశాడు. అదే ఏడాది, పంతొమ్మిదేళ్ళకి, ఒక ఆవిరి ఇంజిన్ మీద మొదటి పేటెంటు వచ్చింది. ఆ ఇంజిన్ ఎవరికీ పనికిరాలేదు. తర్వాత పట్టా తప్పిన రైలు పెట్టెల్ని మళ్ళీ పట్టాల మీదికి ఎక్కించే సాధనం ఒకటి చేశాడు, అది అమ్ముడుపోయింది. దాన్ని అమ్ముకుంటూ రైళ్ళలో ఊళ్ళు తిరిగేవాడు. మార్గరెట్ వాకర్ అనే అమ్మాయి పరిచయమైంది కూడా రైల్లోనే. 1867 ఆగస్టులో పెళ్ళి చేసుకున్నారు.

ఆ రోజుల్లో రైలు ఎలా ఆగేదో తెలిస్తే గానీ ఇతను చేసిన పని విలువ తెలియదు.

ప్రతి పెట్టె మీదా ఒక ఇనుప చక్రం ఉండేది. ఆపాల్సి వచ్చినప్పుడు డ్రైవరు ఇంజిన్ కూత వేస్తాడు. ఆ కూత వినగానే బ్రేక్‌మన్ అనే కూలీలు పెట్టెల పైకప్పుల మీద పరిగెత్తి, ఒక్కో చక్రం గుండ్రంగా తిప్పి బిగించాలి. ఒక పెట్టె బిగించి, కదిలే రైలు మీద పక్క పెట్టె మీదికి దూకి, మళ్ళీ అది బిగించాలి. వానలోనూ అంతే, మంచులోనూ అంతే. కప్పు మీద ఐసు పట్టి ఉంటే కాలు జారేది. వంతెన కిందికి పోయేటప్పుడు తల వంచడం మర్చిపోతే అంతే సంగతులు. పెట్టెకీ పెట్టెకీ కొక్కెం తగిలించడం కూడా వీళ్ళ పనే. రెండు పెట్టెల మధ్య నిలబడి చేత్తో పిన్ను వేయాలి. వేళ్ళు లేని మనిషి కనపడితే రైల్వేలో పనిచేశాడని జనం అనుకునే రోజులవి. 1888 జూన్‌తో ముగిసిన ఒక్క ఏడాదిలోనే అమెరికా రైళ్ళ మీద పనిచేస్తూ చనిపోయినవాళ్ళు రెండు వేలకి పైన, దెబ్బలు తగిలినవాళ్ళు ఇరవై వేలకి పైన అని అప్పటి అధ్యక్షుడు హారిసన్ పార్లమెంటుకి పంపిన నివేదికలోనే చెప్పాడు. ఇది ఎయిర్ బ్రేకు కనిపెట్టిన ఇరవై ఏళ్ళ తర్వాతి లెక్క. ఎందుకలా అన్నది ముందుకు పోయాక చెప్తాను.

స్కెనెక్టడీ నుంచి ట్రాయ్ వైపు పోతూ ఒకరోజు వెస్టింగ్‌హౌస్ ఎక్కిన రైలు దారిలో ఆగిపోయింది. ముందర రెండు గూడ్సు బండ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. పట్టపగలు, తిన్నటి లైను. ఇద్దరు డ్రైవర్లూ ఒకరినొకరు చూసుకున్నారు. చూశారు గానీ ఆపలేకపోయారు. బ్రేక్‌మన్లు చక్రాలు తిప్పేంత టైము లేదు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు. బ్రేకు డ్రైవరు చేతిలోనే ఉండాలని ఆరోజు నుంచి పట్టుకున్నాడు.

మొదట గొలుసుతో లాగే పద్ధతి ఆలోచించాడు. రైలు పొడుగు పెరిగేకొద్దీ గొలుసు పనికిరాదు. ఆవిరి గొట్టంలో పంపిద్దామనుకుంటే, ఆవిరి దారిలోనే చల్లారి నీళ్ళయిపోతుంది. దిక్కుతోచక ఉన్నప్పుడు ఒక పత్రికలో ఆల్ప్స్ కొండల్లో మోన్ సెనీ సొరంగం తవ్వకం గురించి చదివాడు. అక్కడ వేల అడుగుల లోపల రాయి తొలిచే యంత్రాలు బయటినుంచి గొట్టంలో పంపిన అదిమిన గాలితో నడుస్తున్నాయి. గాలి చల్లారదు, నీళ్ళయిపోదు, ఎంత దూరమైనా పోతుంది. అతనికి కావాల్సింది అక్కడ దొరికింది. ఇక్కడ నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఇతను గాలిని కనిపెట్టలేదు, బ్రేకునీ కనిపెట్టలేదు. ఒకచోట తవ్వకానికి వాడుతున్నదాన్ని ఇంకోచోట ఆపడానికి వాడాడు, అంతే.

1868లో పిట్స్‌బర్గ్ చేరాడు. ఇంజిన్ మీద ఆవిరితో నడిచే గాలి పంపు, ఒక ట్యాంకు, పెట్టెలన్నిటి కింద గొట్టం, పెట్టెకో సిలిండరు. డ్రైవరు వాల్వు తిప్పితే గాలి గొట్టంలో పోయి సిలిండర్లో పిస్టన్‌ని తోస్తుంది, బ్రేకు పడుతుంది. రైలు కంపెనీల్ని ఒప్పించడం చాలా కష్టమైంది. ఆఖరికి ఒక లైనువాళ్ళు ఒక ఇంజిను, నాలుగు పెట్టెలు ఇస్తామన్నారు, బండికి ఏమైనా అయితే ఖర్చు నీదేనన్న షరతు మీద. పరీక్ష రోజున పిట్స్‌బర్గ్ సొరంగం దాటి బయటికొచ్చేసరికి ఎదురుగా పట్టాల మీద గుర్రబ్బండి. గుర్రాలు బెదిరి, బండివాడు పట్టాల మీద పడ్డాడు. డేనియల్ టేట్ అనే ఇంజిన్ డ్రైవరు వాల్వు పూర్తిగా తిప్పాడు. వెనక పెట్టెల్లో కూర్చున్న పెద్దమనుషులు సీట్లలోంచి కిందపడ్డారు. పడ్డ మనిషికి కొన్ని అడుగుల దూరంలో రైలు ఆగింది. కోపంగా దిగొచ్చినవాళ్ళు సంగతి చూసి ఇంకేం మాట్లాడలేకపోయారు. 1869 ఏప్రిల్‌లో పేటెంటు వచ్చింది, ఆ ఏడాదే కంపెనీ పెట్టాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళు.

ఇంతటితో ఆగి ఉంటే వెస్టింగ్‌హౌస్ గురించి ఇవాళ రాయాల్సిన పని ఉండేది కాదు. ఎందుకంటే ఆ మొదటి బ్రేకులో పెద్ద లోపం ఉంది. గాలి వస్తేనే బ్రేకు పడుతుంది. గొట్టం పగిలితే? పెట్టెలు మధ్యలో తెగిపోతే? గాలి బయటికి పోతుంది, అసలు బ్రేకే ఉండదు. అన్నీ బాగున్నప్పుడు పనిచేసి, చెడినప్పుడు చేతులెత్తేసే బ్రేకు అది.

1872లో దాన్ని తిరగేశాడు. ప్రతి పెట్టె కింద ఒక చిన్న ట్యాంకు, దానికొక ట్రిపుల్ వాల్వు పెట్టాడు. ఇప్పుడు గొట్టంలో ఎప్పుడూ గాలి నిండి ఉంటుంది. ఆ గాలే పెట్టెల ట్యాంకుల్ని నింపుతుంది. డ్రైవరు బ్రేకు వేయాలంటే గాలి పంపించడు, గొట్టంలోంచి గాలి తీసేస్తాడు. గొట్టంలో ప్రెషరు తగ్గగానే ట్రిపుల్ వాల్వు పక్కకి జరిగి, పెట్టె సొంత ట్యాంకులోని గాలిని సిలిండర్లోకి వదులుతుంది. మళ్ళీ గొట్టం నింపితే బ్రేకు విడుస్తుంది. నింపడం, వేయడం, వదలడం, మూడు పనులు గనకే ఆ పేరు. దీనివల్ల ఏమైందంటే, గొట్టం పగిలినా, రైలు రెండు ముక్కలైనా, రెండు ముక్కలూ వాటంతటవే ఆగుతాయి. బండి చెడితే ఆగిపోవాలి, పరిగెత్తకూడదు.

ఈ తేడా ఎంతదో ఐర్లండ్‌లో తెలిసింది. 1889 జూన్ 12న ఆర్మా దగ్గర, బడిపిల్లలతో నిండిన రైలు కొండెక్కలేక ఆగింది. పెట్టెల్ని రెండు భాగాలుగా విడదీశారు. వాళ్ళ బ్రేకు తనంతట తాను పడే రకం కాదు. విడదీసిన వెనక పెట్టెలు కిందికి జారిపోయి, వెనక వచ్చే రైలుని గుద్దుకున్నాయి. సుమారు ఎనభైమంది పోయారు, వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. ఆ ఏడాదే బ్రిటన్‌లో తనంతట తాను పడే బ్రేకులు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అయితే బ్రిటన్ కంపెనీలు ఎక్కువగా వెస్టింగ్‌హౌస్‌ది కాకుండా వాక్యూమ్ బ్రేకుని ఎంచుకున్నాయి. మన దేశానికీ అదే వచ్చింది. కాజీపేట, బెజవాడ స్టేషన్లలో పాత రైళ్ళు ఎక్కిన పెద్దవాళ్ళు ఎక్కింది ఆ వాక్యూమ్ బ్రేకుల పెట్టెలే. 1980ల నుంచే మన రైల్వే మెల్లగా ఎయిర్ బ్రేకుకి మారింది. వెస్టింగ్‌హౌస్ ఆలోచన మన పట్టాల మీదికి రావడానికి వందేళ్ళు పట్టిందన్నమాట.

ఇప్పుడు మన లారీ సంగతికి వద్దాం, ఎందుకంటే చాలామంది చదివేది దీనికోసమే.

లారీ బ్రేకు రైలు బ్రేకుకి అచ్చు నకలు కాదు. కాలితో వేసే బ్రేకు గాలి పంపితేనే పడుతుంది, వెస్టింగ్‌హౌస్ మొదటి బ్రేకు లాగానే. అందుకే దానికి రెండు వేరు వేరు సర్క్యూట్లు పెడతారు, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. పార్కింగ్ బ్రేకు మాత్రం తిరగేసిన బుర్ర. అందులో పెద్ద స్ప్రింగు ఉంటుంది, గాలి దాన్ని నొక్కిపెట్టి ఉంచుతుంది. గాలి పోతే స్ప్రింగు విచ్చుకుని చక్రాన్ని పట్టేస్తుంది. ట్రైలరుకి పోయే ఎర్ర గొట్టం తెగితే ట్రైలరు బ్రేకులు వాటంతటవే బిగుస్తాయి. అది నేరుగా 1872 నాటి బుద్ధే. సుమారు 60 పీఎస్ఐ దగ్గర బజరు, లైటు రావాలి. ఇంకా పడిపోయి 45కీ 20కీ మధ్యకి వచ్చేసరికి ఎర్ర, పసుపు నాబులు వాటంతటవే బయటికి తన్నుకురావాలి. బజరు గోల పడలేక దాని వైరు పీకేసిన బండి నేను చూశాను. ఆ బండి నడిపేవాడికి గాలి పోయే సంగతి బండి ఆగే దాకా తెలియదు, అదీ అది ఎక్కడ ఆగుతుందో అక్కడ.

గేరుబాక్సు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మనవాళ్ళు చాలామంది పొరపడేది దీంట్లోనే. పదమూడు, పద్దెనిమిది గేర్ల ఫుల్లర్ బాక్సుల్లో లో రేంజి నుంచి హై రేంజికి మారేది చేతి బలంతో కాదు, గాలితో. స్ప్లిటరు కూడా అంతే. బండి ట్యాంకులోంచి వచ్చిన గాలి ఒక ఫిల్టరు, రెగ్యులేటరు గుండా సుమారు 60 పీఎస్ఐకి తగ్గి బాక్సుకి చేరుతుంది. కనక హై రేంజి పడకపోతే గేరుబాక్సు పోయిందని తల పట్టుకునే ముందు గేజీ చూడండి. ట్యాంకులో ప్రెషరు లేకపోతే రేంజి ఎలా పడుతుంది? ప్రెషరు సరిగ్గా ఉండి కూడా పడకపోతే, బండి ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో నాబు పైకీ కిందకీ చేసి వినండి. ఒకసారి తుస్సుమని ఆగితే సరే. ఆగకుండా సుయ్‌మంటూనే ఉంటే ఎక్కడో లీకు. గేరు నాబు దగ్గరా, సన్నటి గొట్టాల దగ్గరా, బాక్సు మీద వాల్వు దగ్గరా, ఎక్కడ వినపడుతుందో గుర్తుపెట్టుకుని మెకానిక్కుకి చెప్తే అతని గంట పని పది నిమిషాల్లో తేలుతుంది. బాక్సు బ్రీదరులోంచి ఆయిలు చిమ్ముతుంటే, రేంజి పిస్టను సీలు పోయి గాలి బాక్సులోకి దూరుతోందేమో చూడమనండి. విప్పడం మన పని కాదు. వినడం, చూడడం, కాగితం మీద రాయడం మన పని.

చలికాలంలో ఇంకో తంటా. అదిమిన గాలిలో తేమ ఉంటుంది, అది ట్యాంకుల్లో నీరై కూచుంటుంది. హామిల్టన్ చలికి ఆ నీరు గొట్టాల్లో, వాల్వుల్లో గడ్డకట్టిందంటే బ్రేకు వదలదు, రేంజి మారదు. కిందటి చలికాలం నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఏడుపు గొంతుతో ఫోన్ చేశాడు. పొద్దున పూట హై రేంజి పడటం లేదు, గంట నడిచాక పడుతోంది. కంపెనీ డిస్పాచరు నీకు గేర్లు వేయడం రాదని తిడుతున్నాడు, ఆ రోజు లోడు దించకపోతే జీతంలో కోత అంటున్నాడు. ట్యాంకు డ్రెయిన్లు లాగి చూడమన్నాను. నీళ్ళు, పాల రంగు ఆయిలు కలిసి దబదబా కారాయట. ఎయిర్ డ్రయరు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. తప్పు బండిది, తిట్లు తమ్ముడికి. నెల రోజులుగా రిపోర్టులో ఏం రాశావని అడిగితే, ఏ లోపమూ లేదని సంతకం పెట్టేస్తున్నానన్నాడు, డిస్పాచరు అలాగే పెట్టమన్నాడట.

దయచేసి అలా పెట్టకండి. ఒంటారియోలో బండి ఎక్కే ముందు చూడాల్సినవి షెడ్యూల్ 1 అనే పట్టికలో రాసి ఉన్నాయి. చెవికి వినపడే గాలి లీకు, గాలి నెమ్మదిగా నిండడం చిన్న లోపాల కింద వస్తాయి, అవి రాసి, చెప్పి నడపొచ్చు. గాలి పోయే వేగం హద్దు దాటితే, తక్కువ గాలి హెచ్చరిక పనిచేయకపోతే, ట్రాక్టరు ప్రొటెక్షన్ పనిచేయకపోతే, బ్రేకు సర్దుబాటు మితి మీరితే, అవి పెద్ద లోపాలు. ఆ బండి కదలకూడదు. ఎవరు చెప్పినా కదలకూడదు. ప్రమాదకరమైన పని చేయనని చెప్పే హక్కు ఒంటారియోలోపల తిరిగే కంపెనీలవాళ్ళకి ఒంటారియో చట్టంలో ఉంది, రాష్ట్రాలు దాటేవాళ్ళకి కెనడా లేబర్ కోడ్‌లో ఉంది. అలా చెప్పినందుకు పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. నువ్వు సొంతంగా కంపెనీ రిజిస్టరు చేసుకున్నావు గనక నీకు ఏ హక్కూ లేదని భయపెట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. ఉద్యోగి లాగా పనిచేయించుకుంటూ ఉద్యోగి కాదని చూపించడం 2021 నుంచి లేబర్ కోడ్ కింద నిషేధం.

వెస్టింగ్‌హౌస్ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది కూడా ఇలాంటి చోటే. 1872కల్లా మంచి బ్రేకు తయారైంది. ప్యాసింజరు బండ్లకి కంపెనీలు గబగబా పెట్టించుకున్నాయి, టికెట్టు కొన్నవాళ్ళు చస్తే పేపర్లో వస్తుంది గనక. గూడ్సు బండ్లకి పెట్టలేదు. పెట్టెకింత ఖర్చని లెక్క వేసుకున్నారు. బ్రేక్‌మన్ చౌక. ఒకడు పోతే ఇంకొకడు వస్తాడు.

లోరెంజో కాఫిన్ అనే అయోవా రైతు ఒకసారి పెట్టెలు తగిలిస్తూ వేళ్ళు పోగొట్టుకున్న బ్రేక్‌మన్‌ని కళ్ళారా చూశాడు. అప్పటినుంచి ఏళ్ళ తరబడి రైల్వే మీటింగుల్లో లేచి ఇదే మాట మాట్లాడేవాడు. జనం విసుక్కునేవారు, పిచ్చివాడనేవారు. గూడ్సు బండ్లకి ఎయిర్ బ్రేకు పనికొస్తుందా అని 1886, 1887లో అయోవాలోని బర్లింగ్టన్ దగ్గర పరీక్షలు పెట్టారు. అది వేరే బర్లింగ్టన్, మన పక్కది కాదు. యాభై పెట్టెల రైలు. వెస్టింగ్‌హౌస్ బ్రేకు అక్కడ తడబడింది. ముందు పెట్టెలు ఆగాయి గానీ, వెనక పెట్టెలకి ఆ సంగతి చేరేలోపే అవి వచ్చి ముందువాటిని గుద్దాయి. వెనక కూర్చున్నవాళ్ళకి దెబ్బలు తగిలేంత కుదుపు. పోటీవాళ్ళు సంబరపడ్డారు. అతను షాపుకి పోయి కొన్ని నెలల్లో వాల్వు మార్చాడు. ప్రతి వాల్వూ తన దగ్గర కూడా కొంచెం గాలి వదిలేలా చేశాడు, దాంతో కబురు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి వేగంగా పరిగెత్తింది. యాభై పెట్టెలూ కుదుపు లేకుండా ఆగాయి.

ఆ తర్వాత కూడా చట్టం రావడానికి ఆరేళ్ళు పట్టింది. 1893 మార్చి 2న అధ్యక్షుడు హారిసన్ సంతకం పెట్టాడు. గడువులు పొడిగించుకుంటూ 1900లో గానీ పూర్తిగా అమలు కాలేదు. బ్రేకు పుట్టింది 1869లో, తనంతట తాను పడే బ్రేకు 1872లో, గూడ్సు బండి మీద కూలీకి అందింది 1900లో. మధ్యలో పోయినవాళ్ళందరూ యంత్రం లేక పోయినవాళ్ళు కాదు.

హామిల్టన్ సంగతి చెప్పలేదు. వెస్టింగ్‌హౌస్ మనుషులు ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టింది 1896లో, కెనడా రైళ్ళకి ఎయిర్ బ్రేకులు చేయడానికే. 1898లో డీక్యూ జలపాతం నుంచి కరెంటు ఈ ఊరికి వచ్చింది, ముప్పై అయిదు మైళ్ళ దూరం తీగల మీద. అంత దూరం కరెంటు పంపగలిగేది ఏసీ పద్ధతి. ఎడిసన్‌తో గొడవపడి, టెస్లా పేటెంట్లు కొని ఆ పద్ధతిని నిలబెట్టింది కూడా వెస్టింగ్‌హౌసే. నయాగరా కరెంటు, షికాగో సంతలో దీపాలు, అదంతా పెద్ద కథ, మిగతావాళ్ళు చాలా రాశారు. 1903లో కెనడియన్ వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఏర్పడింది. ఆ తర్వాత తరాల తరబడి ఈ ఊరి తూర్పు వైపు కుటుంబాలు ఆ జీతాల మీద బతికాయి.

యజమానిగా మంచివాడా? అప్పటి లెక్కల్లో చూస్తే చాలామంది కన్నా నయం. 1881లో పిట్స్‌బర్గ్ షాపులో శనివారం మధ్యాహ్నం నుంచి సెలవు ఇచ్చాడు. అమెరికాలో అలా ఇచ్చిన మొదటివాళ్ళలో ఒకడు. విల్మర్డింగ్‌లో కొత్త ఫ్యాక్టరీ కట్టినప్పుడు పనివాళ్ళకి ఇళ్ళు కట్టించి వాయిదాల మీద అమ్మాడు. అయితే యజమాని దయ మీద వచ్చింది యజమానితోనే పోతుంది. అతను 1872లో బ్రేకుని తిరగేసిన సంవత్సరంలోనే, మే 15న, హామిల్టన్ వీధుల్లో సుమారు పదిహేను వందలమంది కార్మికులు రోజుకి తొమ్మిది గంటల పని కావాలని ఊరేగారు. ముందు నడిచినవాళ్ళలో జేమ్స్ రయన్ అనే రైల్వే పనివాడు ఉన్నాడు. ఆ ఏడాదే కెనడాలో యూనియన్ పెట్టుకోవడం నేరం కాదని చట్టం వచ్చింది. తొమ్మిది గంటలు మాత్రం రాలేదు. 1916లో మళ్ళీ అదే కోరిక మీద హామిల్టన్ మెషినిస్టులు సమ్మె చేశారు. యుద్ధం పేరు చెప్పి ఆ సమ్మె వార్త పేపర్లలో రాకుండా ప్రభుత్వం ఆపింది. 1946లో స్టెల్కో, ఫైర్‌స్టోన్‌వాళ్ళతోబాటు ఇక్కడి వెస్టింగ్‌హౌస్ పనివాళ్ళు నెలల తరబడి సమ్మెలో ఉన్నారు. ఇవాళ మనకి దొరికే ఓవర్‌టైము డబ్బుల వెనక ఉన్నది అవన్నీ.

ఆఖరి సంవత్సరాలు అతనికి బాగా గడవలేదు. 1907లో బ్యాంకులు కుదేలైనప్పుడు అప్పులు మీద పడి, ఎలక్ట్రిక్ కంపెనీ చేతిలోంచి జారిపోయింది. కొన్నేళ్ళకి పూర్తిగా బయటికి నెట్టేశారు. పేరు కంపెనీది, మనిషి బయట. ఎయిర్ బ్రేకు కంపెనీ మాత్రం నిలిచింది. ముసలితనంలో కూడా ఊరుకోలేదు, మోటారు బండ్ల కుదుపు తగ్గించే గాలి స్ప్రింగుల మీద పనిచేశాడు. మన బండ్ల కింద ఇప్పుడున్న ఎయిర్ బ్యాగులు చూస్తే, మళ్ళీ గాలే పట్టుకున్నాడని నవ్వొస్తుంది. 1914 మార్చి 12న న్యూయార్క్‌లో చనిపోయాడు. 361 పేటెంట్లు అతని పేరు మీద ఉన్నాయి. భార్య మార్గరెట్ మూడు నెలలకే పోయింది. ఇద్దరి సమాధీ ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఉంది. అంతమంది సైనికుల మధ్య అతనికి చోటు దొరికింది కంపెనీల వల్ల కాదు, కుర్రతనంలో ఓడ మీద ఇంజిన్ దగ్గర చేసిన ఆ కొన్ని నెలల పని వల్ల.

లారీలకి ఎయిర్ బ్రేకులు చేయడానికి బెండిక్స్‌తో కలిసి ప్రత్యేకంగా కంపెనీ పెట్టింది 1930లో, అంటే అతను పోయిన పదహారేళ్ళకి. అదే ఏడాది పిట్స్‌బర్గ్‌లో అతనికి స్మారకం కట్టారు, దానికి డబ్బులిచ్చింది అతని కంపెనీల్లో పనిచేసిన వేలమంది కార్మికులు.

నిజామాబాద్ తమ్ముడు ఇప్పుడు వేరే కంపెనీలో చేస్తున్నాడు. పాత కంపెనీ పట్టుకున్న రెండు వారాల జీతం కోసం ఫిర్యాదు వేశాం, ఇంకా తేలలేదు. లోపాలు ఏవీ లేవని అతను పెట్టిన సంతకాలే ఇప్పుడు మాకు అడ్డం వస్తున్నాయి. కొత్త బండిలో రోజూ సాయంత్రం ట్యాంకులు డ్రెయిన్ చేస్తున్నాడట, నీళ్ళు కనపడితే ఫోటో తీసి పెడుతున్నాడు.